పానిపట్‌లో పాత కోటు కొత్త నూలయ్యే తీరు

నమస్కారం. చినిగిన నేతచీరలను నాలుగు పొరలుగా పరిచి బొంత కుట్టడం మన ఇళ్లలో పాత అలవాటే. అయితే బొంతలో గుడ్డ గుడ్డగానే ఉంటుంది. ఆ గుడ్డను పీచుగా విడదీసి, మళ్లీ ఏకి, మళ్లీ వడికి నూలు తీయడం వేరే విద్య. ఢిల్లీకి ఉత్తరాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, హర్యానాలో ఉన్న పానిపట్ ఈ విద్యకు పేరుమోసిన ఊరు.

చలిదేశాలవారు వాడి వదిలేసిన స్వెటర్లు, కోట్లు ఓడల్లో గుజరాత్‌లోని కాండ్లా రేవుకు చేరి, అక్కడి నుంచి పానిపట్ గోదాములకు వస్తాయి. అక్కడ స్త్రీలు నేలమీద కూర్చుని, మన కత్తిపీటలాగే నిలబెట్టిన కత్తికి ఒక్కొక్క కోటునూ ఆనించి చీలుస్తారు. గుండీలు, జిప్పు, మెడ దగ్గరి లేబులు, లోపలి లైనింగు అన్నీ చేత్తోనే తీసివేయాలి. కోటు కుట్టినవారు ఎన్ని హంగులు చేర్చారో, ఇక్కడ ఆ చేతులకు అంత పని.

తరువాత రంగుల ఏరివేత జరుగుతుంది. నా దృష్టిలో అసలు డిజైను ఇక్కడే మొదలవుతుంది. ఎరుపు, మెరూన్, నీలం, బూడిద రంగులను ఏ కుప్పకు ఆ కుప్పగా వేరుచేస్తే, వచ్చే నూలుకు మళ్లీ రంగు అద్దే అవసరం ఉండదు. అద్దకానికి పట్టే నీరు, రసాయనాలు మిగులుతాయి. ఇటలీలోని ప్రాటో పట్టణంలో ఈ పనిని ఒక కళగా పెంచారు. కావలసిన ఛాయ కోసం ఏ కుప్ప నుంచి ఎన్ని పాళ్లు కలపాలో, కూరలో ఉప్పూకారాలు ఎరిగినట్టు, అక్కడి అనుభవజ్ఞులకు తెలుసు.

ఇక యంత్రం సంగతి. ఇనుప పళ్లున్న రోలర్లు గుడ్డను చీల్చినప్పుడు పీచు తెగి పొట్టిదవుతుంది. వదులుగా అల్లిన స్వెటరు సులువుగా విడిపోతుంది కాబట్టి పీచు కొంత పొడవుగా మిగులుతుంది. బిగువుగా నేసిన సూటు గుడ్డలో అది మరింత పొట్టిగా వస్తుంది. 1813లో ఇంగ్లండులోని బ్యాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన పాత ఊలును కొత్త ఊలుతో కలిపి వడికిన నాటి నుంచీ ఈ చిక్కు ఉన్నదే. వదులు అల్లిక నుంచి వచ్చిన పీచును షాడీ అనీ, బిగువు నేత నుంచి వచ్చినదాన్ని మంగో అనీ అక్కడివారు వేర్వేరుగా పిలిచేవారు. పొట్టి పీచుతో సన్నని నూలు నిలవదు. అందుకే పానిపట్ దానిని లావుగా వడికి కంబళ్లు నేసింది. విపత్తుల వేళ బాధితులకు పంచిన చవక కంబళ్లలో ఎన్నో ఆ ఊరి మగ్గాలవే. పదార్థం బలహీనతను ఎరిగి, దానికి తగిన వస్తువును ఎంచుకోవడాన్ని నేను మంచి డిజైను అంటాను.

చవకైన పాలిస్టర్ ఫ్లీసు దుప్పట్లు వచ్చాక ఆ కంబళ్లకు గిరాకీ తగ్గింది. ఇప్పుడు అక్కడి మిల్లులు ఎక్కువగా దుస్తుల కర్మాగారాల్లో మిగిలే పత్తి గుడ్డ ముక్కలతో నూలు తీస్తున్నాయి. ఆ ముక్కలు ఎవరూ తొడగనివి, ఉతకనివి. వాటిలో గుండీలూ జిప్పులూ ఉండవు. కానీ సాగడం కోసం కొద్దిపాటి ఎలాస్టేన్ (రబ్బరులా సాగే కృత్రిమ పీచు) కలిపినా, అది చీల్చే యంత్రంలో తెగకుండా సాగి చుట్టుకుంటుంది. డిజైనరు ఒకే రకం పీచుతో బట్టను ఎంచుకుని, కత్తెర పడిన బల్ల దగ్గరే ముక్కలను రంగుల వారీగా వేర్వేరు సంచుల్లో నింపిస్తే, పానిపట్‌లో వాటిని మళ్లీ ఏరే పని లేకుండా తిన్నగా యంత్రానికి ఎక్కించవచ్చు.