ఒక మనిషి జీతం అడుగుతున్నాను

(జాతీయ నేత్రదాన పక్షోత్సవాల సందర్భంగా, పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ట్రస్టు కంటి ఆసుపత్రి దాతల సమావేశంలో విశ్రాంత ఫిజిక్స్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకీ, వేదిక మీదున్న డాక్టర్లకీ, ట్రస్టు పెద్దలకీ నమస్కారం. రైస్ మిల్లర్ల అసోసియేషన్ నుంచీ, ఆక్వా రైతుల సంఘం నుంచీ వచ్చిన దాతలకి నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్న నర్సింగ్ కాలేజీ పిల్లలకి ప్రత్యేకంగా నమస్కారం. నేను చెప్పబోయేదాంట్లో ఎక్కువ భాగం మీకోసమే. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది కనిపిస్తున్నారు. లేవకండమ్మా, కూర్చోండి.

దాతల సొమ్ము ఆసుపత్రిని ఎలా మారుస్తుందో మాట్లాడమని నన్ను పిలిచారు. వైద్యం, పరిశోధన, రోగి సంక్షేమం అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఏలూరు పక్కన సోమవరప్పాడు ఉంది కదా, అక్కడ పుట్టిన ఎల్.వి.ప్రసాద్ గారు సినిమాల్లో సంపాదించిన డబ్బుతో మొదలైన కథ ఇది. 1980ల మధ్యలో ఆయన హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు కంటి ఆసుపత్రి కోసం ఇచ్చారు. ఆ రోజుల్లో కోటి రూపాయలంటే ఎంతో ఈ సభలో వ్యాపారం చేసేవాళ్లకి తెలుసు. తీసుకున్నవారు డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు గారు. గుంటూరు మెడికల్ కాలేజీలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివి, అమెరికాలో స్థిరపడ్డ ఉద్యోగం వదులుకుని వచ్చినాయన. 1987లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తలుపులు తెరిచింది.

అక్కడ మొదటినుంచీ ఒక నియమం పెట్టుకున్నారు. డబ్బు కట్టగలిగినవాళ్లు కడతారు, కట్టలేనివాళ్లకి ఉచితం. ఆపరేషన్ ఎంత క్లిష్టమైనదైనా సరే. వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది పైసా కట్టకుండా వైద్యం చేయించుకుంటారు. ఉచితం వాళ్లకి ఒక డాక్టరు, డబ్బిచ్చేవాళ్లకి ఇంకో డాక్టరు అనే తేడా లేదు. శుక్లాల ఆపరేషన్ ఉచితంగా చేసే చోట్లు మనకి చాలా ఉన్నాయి. కంటి వెనక పొర రెటీనా ఊడినా, ముందు పొర కార్నియా మార్చాల్సి వచ్చినా ఉచితమే అనడానికి మాత్రం గట్టి గుండె కావాలి, వెనక గట్టి దాతలు కావాలి.

ఆ సంస్థవాళ్లు మన జిల్లాకీ వచ్చారు. 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద కంటి సర్వే చేశారు. హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి కలిపి 10,293 మందిని పరీక్షించారు. నూటికి 1.84 మంది అంధులని తేలింది. నాకు నిద్ర పట్టనివ్వని లెక్క దాని తర్వాతది. ఆ అంధత్వంలో దాదాపు 60 శాతం శుక్లాల వల్ల, సరైన కళ్లజోడు లేకపోవడం వల్ల వచ్చిందే. కళ్లజోడు లేక గుడ్డివాళ్లుగా బతికారండీ మనుషులు! కటకం పాఠం బోర్డు మీద గీసి పిల్లల చేత మార్కులు తెప్పించిన ఊళ్ల పక్కనే ఇది జరిగింది.

అందుకే రోగి హైదరాబాద్ వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రే ఊరికి వెళ్లింది. 1996లో ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో మొదటి గ్రామీణ కేంద్రం పెట్టారు. తర్వాత యాభై వేల జనాభాకి ఒక విజన్ సెంటర్ చొప్పున పెడుతూ వచ్చారు. వాటిలో కూర్చునేది ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే. ఇంటర్ చదివిన అమ్మాయికి, అబ్బాయికి ఏడాది శిక్షణ ఇచ్చి, కళ్లు పరీక్షించడం, జోడు ఇవ్వడం, పెద్ద జబ్బైతే గుర్తుపట్టి పై ఆసుపత్రికి పంపడం నేర్పారు. ఆ కేంద్రాల్లో ఖరీదైన యంత్రాలేమీ ఉండవు. ఖర్చులో పెద్ద భాగం ఆ పిల్లల జీతాలే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక పరిశోధన. ఫిజిక్స్ టీచర్ని కాబట్టి ఇది కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, అదే కార్నియా. దాని అంచు చుట్టూ ఉండే మూలకణాలు ఆ పొర పైభాగాన్ని రోజూ కొత్తగా పుట్టిస్తూ ఉంటాయి. కంట్లో యాసిడ్ పడ్డా, సున్నం పడ్డా ఆ కణాలు చచ్చిపోతాయి. సున్నం అంటే మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. తమలపాకుల్లోకీ, ఖైనీలోకీ వాడే సున్నం ప్లాస్టిక్ ప్యాకెట్లలో వస్తుంది. చిన్నపిల్లలు ఆడుకుంటూ నొక్కుతారు, అది చిట్లి కంట్లో పడుతుంది. కణాలు పోయాక ఇంకొకరి కార్నియా తెచ్చి అతికించినా నిలవదు. దాన్ని కాపాడే కణాలు చుట్టూ లేవు మరి.

హైదరాబాద్ వాళ్లు 2001 నుంచి ఆ కణాల్ని ల్యాబ్‌లో పెంచి కంటికి వేయడం మొదలుపెట్టారు. ఫలితం బాగానే ఉంది గానీ, అలాంటి ల్యాబ్ ఎన్ని ఊళ్లలో ఉంటుంది? 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ గారి బృందం ఇంకో పద్ధతి ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని చిన్న చిన్న తునకలు చేస్తారు. కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొరని శుద్ధిచేసి దెబ్బతిన్న కంటి మీద పరిచి, దాని మీద ఆ తునకల్ని ప్రత్యేకమైన జిగురుతో అతికిస్తారు. కణాలు ఆ కంటి మీదే పెరుగుతాయి. ల్యాబ్ అక్కర్లేదు, ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుంది. ఇప్పుడు విదేశాల్లోనూ చేస్తున్నారు. ఖర్చు పెట్టుకోలేని రోగులు రోజూ కళ్లముందు కూర్చునే చోట పుట్టింది కాబట్టే ఈ పద్ధతి ఇంత చవకగా ఉంది. లాభం లెక్కలు చూసుకునే కంపెనీ దీన్ని కనిపెట్టి ఉండేది కాదని నా గట్టి నమ్మకం. దాతల డబ్బుకి పరిశోధనలో ఉండే విలువ ఇదే.

ఇదంతా బాగుపడ్డాక కూడా కొందరికి కార్నియా మార్చాల్సే ఉంటుంది. కంట్లో పువ్వు వేసినవాళ్లు, చేలో వరి ఆకు గీసుకుని పుండు పడ్డవాళ్లు చాలామంది. కార్నియా ఏ ఫ్యాక్టరీలోనూ తయారవదు. చనిపోయిన మనిషి దగ్గర్నుంచే రావాలి.

ఇక్కడినుంచి కాగితం పక్కన పెడుతున్నాను. మూడో భాగంలో చూపు ఇక రానివాళ్లకి కర్రతో నడవడం, మాట్లాడే కంప్యూటర్ మీద పనిచేయడం, ఇంటి పనులు చేసుకోవడం నేర్పే పునరావాస కేంద్రాల గురించి రాసుకున్నాను. అది గొప్ప పని. కానీ కార్నియా మాట వచ్చాక మా మామగారి సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

మా మామగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారు. నేత్రదానానికి సంతకం పెట్టి, ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఆయనకి గుండెపోటు వస్తే సిటీలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. రాత్రి పదకొండు దాటాక పోయారు. మా వారు ఏడుస్తూనే డ్యూటీ డాక్టర్ని అడిగారు, "నాన్నగారు కళ్లు ఇస్తానన్నారండీ, ఎవరికి చెప్పాలి?" అని. ఆ అబ్బాయి మంచివాడే, ఆఫీసులో అడగమన్నాడు. ఆఫీసులో ఉన్నది బిల్లింగ్ కౌంటర్ ఒక్కటే. మేనేజర్ గారు ఉదయం వస్తారన్నారు. నర్సమ్మకి ఏ నంబరుకి ఫోన్ చేయాలో తెలియదు. మా ఆడపడుచు ఇంట్లో బీరువా వెతికి కార్డు మీది నంబరు చదివి చెప్పింది. దానమిచ్చిన కళ్లు సేకరించే ఐ బ్యాంక్ వాళ్లు ఎత్తారు, అంత రాత్రప్పుడు మనిషిని పంపారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు, పర్మిషన్ లెటర్ కావాలన్నాడు. ఆ లెటర్ మీద సంతకం ఎవరు పెట్టాలో ఎవరికీ తెలియదు.

సాధారణంగా ఆరు గంటల్లోపు తీయాలి. ఐ బ్యాంక్ కుర్రాడు ఐస్ పెట్టె పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. లోపల మేము బిల్లు కడుతున్నాం. తెల్లవారింది. మేనేజర్ గారు వచ్చారు, చాలా మర్యాదగా సంతకం పెట్టారు. అప్పటికి పనికిరావు.

నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆ ఆసుపత్రిలో గుండె రక్తనాళాల్లోకి తీగ పంపించే యంత్రం ఉంది, పాలరాతి వరండా ఉంది, వరండాలో దాతల పేర్లున్నాయి. ఇద్దరికి చూపు రావాల్సిన ఆ రాత్రి, "ఇది నా పని" అనే మనిషి ఒక్కడు లేడు.

ఆ తర్వాత నేను ఐ బ్యాంకులు ఎలా పనిచేస్తాయో అడిగి తెలుసుకున్నాను. కంటి ఆసుపత్రిలో మరణాలు దాదాపు ఉండవు. మరణాలు జరిగేది జనరల్ ఆసుపత్రుల్లో. అందుకని ఎల్.వి.ప్రసాద్ సంస్థ రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంక్ వాళ్లు తమ మనుషుల్ని అలాంటి ఆసుపత్రుల్లో కూర్చోబెట్టారు. వాళ్లని గ్రీఫ్ కౌన్సెలర్లు అంటారు, అంటే దుఃఖంలో ఉన్న కుటుంబానికి తోడుండేవాళ్లు. వాళ్లకొచ్చే కార్నియాల్లో ఎక్కువ భాగం ఈ మనుషుల ద్వారా వచ్చేవే. సంతకం పెట్టిన కార్డులు బీరువాల్లో ఉంటాయి, కౌన్సెలర్ వార్డు దగ్గర ఉంటుంది. ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు 50 వేలు దాటాయంటే దాని వెనక ఇలా అర్ధరాత్రి ఏడుస్తున్న కుటుంబాల పక్కన కూర్చున్నవాళ్లు ఉన్నారు.

నర్సింగ్ పిల్లలూ, ఇది వినండి. కౌన్సెలర్ వెళ్లగానే కళ్ల మాట ఎత్తదు. మంచినీళ్లిస్తుంది. ఎవరెవరికి ఫోన్ చేయాలో కనుక్కుంటుంది. కాగితాల పనిలో, బండి మాట్లాడటంలో సాయం చేస్తుంది. కాస్త నెమ్మదించాక అడుగుతుంది. వాళ్లు వద్దంటే అక్కడితో వదిలేస్తుంది, సాయం మాత్రం ఆపదు. సరే అంటే రెప్పలు మూసి తడి దూది పెడుతుంది, ఫ్యాన్ ఆపిస్తుంది, తల కింద దిండు పెడుతుంది, టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తుంది. 2011లో అవయవ మార్పిడి చట్టానికి సవరణ వచ్చాక, శిక్షణ పొందిన టెక్నీషియన్ కార్నియా తీయొచ్చు. డాక్టరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇరవై నిమిషాల పని. ముఖం ఏమీ మారదు. తీసిన కార్నియాని ఎంకే మీడియం అనే ద్రవంలో పెడితే నాలుగు రోజులు నిలుస్తుంది. ఆ ద్రవాన్ని రామాయమ్మ ఐ బ్యాంక్ వాళ్లే తయారుచేసి దేశంలో మిగతా ఐ బ్యాంకులకి పంపుతారు.

షుగర్ ఉన్నవాళ్లవి పనికిరావేమో, కళ్లజోడు పెట్టుకున్నవాళ్లవి, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లవి పనికిరావేమో అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అన్నీ పనికొస్తాయి. హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్, రేబిస్ లాంటివి ఉంటే తీసుకోరు. కళ్లిచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారని మా వాకిట్లో కూడా ఒక పెద్దావిడ అంది. ఇంకొకరికి చూపిచ్చిన పుణ్యానికి దేవుడు అలాంటి శిక్ష వేస్తాడని నేను నమ్మను. మీరూ నమ్మకండి.

రోగి సంక్షేమం అంటే రోగి ఒక్కడిదే కాదు, పోయినవాళ్ల ఇంటివాళ్లది కూడా అని నా బాధ. నాన్నగారి మాట నిలబెట్టలేకపోయానే అన్న దిగులు మా వారిని ఇవాళ్టికీ వదల్లేదు. ఆ రాత్రి పక్కన ఒక మనిషి ఉండి ఉంటే ఆయనకి ఆ దిగులు ఉండేది కాదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. అధ్యక్షులు నన్ను క్షమించాలి, అజెండాలో ఇది లేదు. ఈ రోజు పోగైన విరాళంతో మన ట్రస్టు ఆసుపత్రి పై అంతస్తులో రెండు గదులు కట్టాలని, గుమ్మం మీద దాతల పేర్లు వేయాలని అనుకున్నారు. గదులు మంచివే. పేరు వేయించుకోవడంలో తప్పేమీ లేదు, ఎల్.వి.ప్రసాద్ గారి పేరూ ఆసుపత్రి మీద ఉంది. కానీ కింది అంతస్తులో ఉన్న గదులే మధ్యాహ్నం తర్వాత ఖాళీగా ఉంటున్నాయి. మన పెద్దాసుపత్రిలో రోజూ మరణాలు జరుగుతున్నాయి, వాళ్ల ఇంటివాళ్లని అడిగేవాళ్లు లేరు. ఆ సొమ్ము బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో ఒక కౌన్సెలర్‌ని పెట్టండి. పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ గారి అనుమతితో వార్డు పక్కన ఒక కుర్చీ, టేబులు వేయించండి. ఐ బ్యాంకుతో మాట్లాడి శిక్షణ ఇప్పించండి. ఆ ఉద్యోగం ఈ వెనక వరసల్లో కూర్చున్న పిల్లల్లో ఒకరికి ఇవ్వండి. వడ్డీ చాలకపోతే మిగతాది మనం నెలనెలా వేసుకుందాం.

మిల్లర్ల అసోసియేషన్ పెద్దలూ, మీరు ఏటా కల్యాణ మండపాలకీ, గుడి గోపురాలకీ ఇస్తున్నారు. ఆక్వా రైతు సోదరులూ, మీ చెరువు మీద రాత్రి కాపలాకి మనిషిని పెట్టకుండా నిద్రపోతారా? పోయే మనిషి కళ్లకి కూడా రాత్రిపూట ఒక మనిషి కావాలి. ఆ జీతం మీద ఎవరి పేరూ ఉండదు, నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

డాక్టరు గారు గడియారం చూస్తున్నారు, ఒక్క నిమిషం ఇవ్వండి. తీర్మానం నేను రాసుకొచ్చాను, ఇదిగో, అధ్యక్షుల వారికి ఇస్తున్నాను. భోజనాలకి లేవకముందే సంతకాలు పెట్టండి. మొదటి మూడు నెలల జీతం నా పింఛన్ లోంచి ఇస్తాను, చెక్కు పర్సులోనే ఉంది. నాలుగో నెల ఎవరిస్తారో చేతులెత్తండి.