కాన్వెంట్ అనుకుని వెళ్లకండి: ఇంగ్లండ్ క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో అసలు ఏం చెబుతారు?

నమస్తే అండీ. ఇంగ్లండ్‌లో ఇల్లు మారదామని మ్యాప్ ముందేసుకుని కూర్చున్న మన తెలుగువాళ్లకి 'సెయింట్' అని మొదలయ్యే స్కూల్ పేరు కనిపిస్తే చాలు, మనసులో మన ఊరి కాన్వెంట్ వచ్చి కూర్చుంటుంది. స్ట్రిక్ట్‌గా ఉంటారు, ఫీజు ఎక్కువ, క్రైస్తవుల పిల్లలకి క్యాటెకిజం, మిగతావాళ్లకి మోరల్ సైన్స్. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. అసలు సెయింట్ పేరున్నవన్నీ క్యాథలిక్ స్కూళ్లు కూడా కావు, వాటిలో చాలా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌వి. పేరులో 'ఆర్‌సీ' (రోమన్ క్యాథలిక్) అనో 'క్యాథలిక్' అనో ఉందేమో చూసుకోండి.

ఫీజు సంగతి ముందు తేల్చేద్దాం. ఇవాళ మాట్లాడుకునేవి ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లు. రిసెప్షన్ (ఇక్కడ బడిలో మొదటి క్లాసు పేరు ఇదే) నుంచి ఇయర్ 6 దాకా, అంటే నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల వరకు, ఫీజు లేదు. వాలంటరీ ఎయిడెడ్ స్కూళ్లయితే (ప్రభుత్వ నిధులతో నడిచే చర్చి స్కూళ్లలో ఒక రకం) బిల్డింగ్ పనుల ఖర్చులో మామూలుగా 10 శాతం స్కూలే పెట్టుకోవాలి, అందుకని 'గవర్నర్స్ ఫండ్' అని ఒక కవరు ఇంటికొస్తుంది. ఇవ్వడం మన ఇష్టం. ఇవ్వలేదని పిల్లల్ని ఎవరూ ఏమీ అనరు.

చదువులోకి వద్దాం. ఇంగ్లీషు, మాథ్స్, సైన్స్, హిస్టరీ, జాగ్రఫీ చాలావరకు పక్క వీధి మామూలు స్కూల్లో ఉన్నట్టే ఉంటాయి. పెద్ద తేడా ఆర్‌ఈ, అంటే రెలిజియస్ ఎడ్యుకేషన్. బోధన సమయంలో 10 శాతం దానికే ఇవ్వాలని ఇంగ్లండ్, వేల్స్ బిషప్పుల నియమం. వారానికి 25 గంటల పాఠాలుంటే అందులో రెండున్నర గంటలు. దివ్యపూజ (మాస్), ప్రార్థన, పాటల ప్రాక్టీసు ఇందులో కలవవు, అవి విడిగా ఉంటాయి.

2023లో కొత్త ఆర్‌ఈ డైరెక్టరీ, అంటే ఏ క్లాసులో ఏం చెప్పాలో పెట్టిన పాఠ్యప్రణాళిక, వచ్చింది. దాని ప్రకారం ఏడాది ఆరు భాగాలు, అర టర్ముకొకటి. సెప్టెంబర్‌లో సృష్టి, నిబంధన (దేవుడు మనుషులతో చేసుకున్న ఒప్పందం). క్రిస్మస్ ముందు ప్రవచనం, వాగ్దానం. తర్వాత గలిలయ నుంచి యెరూషలేము దాకా యేసు జీవితం, తపస్సు కాలం (ఈస్టర్ ముందొచ్చే లెంట్) నుంచి ఈస్టర్ వరకు ఒకటి, ఆపైన తొలినాటి శ్రీసభ (క్రైస్తవ సంఘం), చివరి అర టర్ములో ఇతర మతాలతో సంభాషణ. మరుసటి ఏడాది మళ్లీ ఇవే ఆరు, ఇంకొంచెం లోతుగా. "పోయినేడు చెప్పిందే మళ్లీ చెబుతున్నారేంటి" అని అడిగే అమ్మానాన్నలకి జవాబు ఇదే.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. దీన్ని మోరల్ సైన్స్ అనుకుంటారు. బైబిల్లో దెబ్బలు తిని దారిలో పడున్న మనిషిని ఆదుకున్న మంచి సమరీయుడి కథ చదివించి "ఇందులో నీకు ఏం అర్థమైంది?" అని రాయమంటే మన పిల్లలు "అందరికీ సాయం చేయాలి" అని ఒక లైను రాసి పెన్సిల్ పెట్టేస్తారు. టీచరుకి కావలసింది అది కాదు. కథలో ఎవరెవరు ఆ దారిన వెళ్లారు, యాజకుడు ఎందుకు పక్కనించి పోయి ఉంటాడు, యూదులకు సరిపడని సమరీయుడే ఎందుకు ఆగాడు, ఆ మాట కథలో ఎక్కడుంది? డైరెక్టరీ దీనికి మూడు మెట్లు పెట్టింది: అర్థం చేసుకోవడం, వివేచించడం, స్పందించడం. మనవాళ్లు నేరుగా మూడో మెట్టు మీదకి దూకేస్తారు. ఇంట్లో చేయాల్సిందల్లా "ఎందుకలా అనుకున్నావు, ఏ వాక్యం చూసి?" అని అడగడం. ఇంగ్లీషు రీడింగ్ పేపర్లో అడిగేదీ ఇలాంటివే కాబట్టి, క్రైస్తవులు కాని పిల్లలకీ ఈ రెండున్నర గంటలు దండగ కావు.

మతం మారుస్తారా అంటే, లేదు. జ్ఞానస్నానం స్కూల్ పని కాదు. తొలి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ హోలీ కమ్యూనియన్) సాధారణంగా ఇయర్ 3లో ఉంటుంది, అదీ జ్ఞానస్నానం పొందిన పిల్లలకే, విచారణ చర్చిలో (ఆ ప్రాంతపు పారిష్ చర్చి). రోజూ ప్రార్థన ఉంటుంది. మనవాళ్లు నిశ్శబ్దంగా నిలబడితే సరిపోతుంది. విభూది బుధవారం (యాష్ వెన్స్‌డే, తపస్సు కాలం మొదటి రోజు) నాడు నుదుట బూడిద పెట్టించుకోవడం కూడా ఇష్టమైతేనే. (ఆ పేరు వింటే మనకెంత దగ్గరగా అనిపిస్తుందో!) ఆర్‌ఈ నుంచీ, ప్రార్థన నుంచీ పిల్లల్ని తప్పించమని అడిగే హక్కు తల్లిదండ్రులకు చట్టంలో ఉంది. కానీ క్లాసులో ప్రార్థన బల్ల మీద గుడ్డ రంగు దగ్గర్నుంచి, ఆగమన కాలానికి (క్రిస్మస్ ముందొచ్చే అడ్వెంట్) ఊదా, ఈస్టర్‌కి తెలుపు, అన్నీ అదే దారిలో నడిచే చోట చేర్చి, ఆ హక్కు వాడుకోవడంలో అర్థం లేదనే మా అభిప్రాయం. అంత ఇబ్బందిగా ఉంటే వేరే స్కూలు చూసుకోవడమే నయం.

ఇప్పుడు రిసెప్షన్‌లో మొదలయ్యే ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి మాట చదవడం. ఇది క్యాథలిక్ స్కూలని కాదు, ఎక్కడైనా ఇంతే, కానీ మనకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన అక్షరానికి అచ్చు అంటుకునే ఉంటుంది. అందుకని 'పిన్' అనే మాటని మనం "ప, ఇ, న" అని చెప్పిస్తాం. పిల్లలు కలిపితే "పఇన" అవుతుంది, మాట రాదు. పొల్లుతో పలకాలి: ప్, ఇ, న్. ప్‌కి ఇ కలిస్తే పి అని గుణింతం నేర్చుకున్న మనకి ఇది తెలిసిన విద్యే. ఏ, బీ, సీ పేర్లు తర్వాత నేర్పినా నష్టం లేదు.

ఇయర్ 1 జూన్‌లో ఫోనిక్స్ చెక్ ఉంటుంది. 40 మాటలు, అందులో సగం అర్థం లేనివి. ఇప్పటిదాకా 32 వస్తే గట్టెక్కినట్టు. మాటల్ని బొమ్మలా గుర్తుపట్టి గడగడా చదివే పిల్లలే ఇందులో బోల్తా పడుతుంటారు: 'స్ట్రోమ్' అని ఉంటే తెలిసిన మాటే అనుకుని 'స్టార్మ్' అని చదివేస్తారు.

ఇయర్ 4లో ఎక్కాల పరీక్ష. పన్నెండో ఎక్కం దాకా 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు, కంప్యూటర్ మీద. "రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు" అని మొదటినుంచి వల్లిస్తేగానీ జవాబు రాని అలవాటుంటే ఆ 6 సెకన్లు దారిలోనే అయిపోతాయి. ఎక్కడపడితే అక్కడ అడగండి, తిరగేసి అడగండి.

అడ్మిషన్‌కి రెండు ఫారాలు. ఒకటి కౌన్సిల్‌ది, జనవరి 15 లోపు. రెండోది మతం వివరాలు అడిగే సప్లిమెంటరీ ఫారం, అది నేరుగా స్కూలుకే పంపాలి. చాలామంది మొదటిది నింపి ఊరుకుంటారు. అప్పుడు జ్ఞానస్నాన పత్రం చేతిలో ఉన్న క్యాథలిక్ కుటుంబం కూడా వరుసలో చివరికి పోవచ్చు. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతేనే ఈ వరుస. సీట్లు మిగిలితే ఏ మతం పిల్లలనైనా చేర్చుకోవాల్సిందే. ఫలితం ఏప్రిల్ 16న.

ఓపెన్ డేకి వెళ్లినప్పుడు హాల్లో బోర్డులు చూసి వచ్చేయకండి. ఇయర్ 2 ఆర్‌ఈ పుస్తకం, ఇయర్ 5 ఆర్‌ఈ పుస్తకం పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. ఇయర్ 5లోనూ రంగులేసిన బొమ్మలూ ఒక్కో లైను జవాబులే ఉంటే, ఆ రెండున్నర గంటలు ఎటు పోతున్నాయో అక్కడే అడిగేయండి.