సెప్టెంబరులో ర్యాంకులు ఎలా కట్టాలి

శ్రోతలకు నమస్కారం.

వీలుంటే ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మధ్యలో ఒక చిన్న లెక్క చేద్దాం.

ఆగస్టు నెలాఖరు నుంచి అమెరికాలో శనివారం అంటే కాలేజీ ఫుట్‌బాలే. మనం కాలితో తన్నుకుంటూ ఆడే ఫుట్‌బాల్ వేరు, ఇది వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దూరం నుంచి బంతిని గుంజల మధ్యగా తంతే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. ఇవాళ్టి మాటకి ఈ మాత్రం తెలిస్తే చాలు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఆదివారం ఫోన్ చేసి "మా యూనివర్సిటీ పదమూడో ర్యాంకు" అని సంబరపడుతుంటారే, ఆ ర్యాంకు ఎక్కడి నుంచి వచ్చింది, సెప్టెంబరులో దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఇవాళ్టి విషయం.

మన ఐపీఎల్‌లో 10 జట్లు, ఒక్కో జట్టుకి 14 లీగ్ మ్యాచ్‌లు. పాయింట్ల పట్టిక తనంతట తానే తేలిపోతుంది. కాలేజీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లో 2024లో 134 జట్లున్నాయి. అందరూ అందరితో ఒక్కొక్కసారి ఆడాలన్నా 8,911 ఆటలు కావాలి. ఒక్కో జట్టు మామూలు సీజన్‌లో ఆడేది 12. చాలా జట్లు ఒకదాని ముఖం ఇంకొకటి చూడవు. అందుకని ఎవరో ఒకరు కూర్చుని వరస కట్టాల్సిందే.

ఆ పని 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ చేయిస్తోంది. ఇప్పుడు అరవై మందికి పైగా క్రీడా విలేకరులు, వ్యాఖ్యాతలు ప్రతి వారం తలా 25 పేర్లు వరసగా రాసి పంపుతారు. మొదటి పేరుకి 25 పాయింట్లు, రెండో దానికి 24, అలా దిగుతూ ఇరవై అయిదో దానికి 1. ఒక్కొక్కరి చేతిలో 325 పాయింట్లు. అన్నీ కూడితే వారం ర్యాంకులు. టైటిల్ పోటీకి జట్లని ఎంపిక చేసే 13 మంది కమిటీ వేరే ఉంది. 2024లో ఆ కమిటీ మొదటి జాబితా నవంబరు 5న గానీ రాలేదు. అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చర్చంతా విలేకరుల ఓట్ల చుట్టూ, కంప్యూటర్ లెక్కల చుట్టూ తిరుగుతుంది.

విలేకరుల మొదటి జాబితా ఆగస్టులోనే, ఒక్క ఆటయినా మొదలవకముందే వచ్చేస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని చాలామంది దాని మీద విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ ముందస్తు అంచనా అవసరమనే అనిపిస్తుంది. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ, 2024 సీజన్‌ది.

ఆగస్టు 31. టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్ ఊళ్ళో, టెక్సస్ ఏ అండ్ ఎం సొంత మైదానంలో, నోటర్ డేమ్ జట్టు 23-13తో గెలిచింది. బయటి ఊళ్ళో, గట్టి జట్టు మీద గెలుపు. ఓటర్లు మెచ్చుకున్నారు. ఏడో ర్యాంకులో ఉన్న నోటర్ డేమ్ అయిదుకి ఎక్కింది.

సెప్టెంబరు 7. నోటర్ డేమ్ సొంత ఊరు, ఇండియానాలోని సౌత్ బెండ్. ఎదురుగా నార్తర్న్ ఇల్లినాయ్, చిన్న కాన్ఫరెన్సు జట్టు. కాన్ఫరెన్సు అంటే కొన్ని యూనివర్సిటీ జట్ల కూటమి. నోటర్ డేమ్ 28 పాయింట్ల తేడాతో గెలుస్తుందని అంచనాలు. ఆట అలా సాగలేదు. మొదట్లోనే నార్తర్న్ ఇల్లినాయ్ 83 గజాల టచ్‌డౌన్ ఒకటి కొట్టింది. నోటర్ డేమ్ క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు, విసిరిన బంతులు రెండు అవతలివాళ్ళ చేతుల్లో పడ్డాయి. 31 సెకన్లు మిగిలి ఉండగా 35 గజాల ఫీల్డ్ గోల్‌తో నార్తర్న్ ఇల్లినాయ్ 16-14కి వచ్చింది. చివరి క్షణంలో నోటర్ డేమ్ 62 గజాల దూరం నుంచి తన్నిన బంతిని గాల్లోనే అడ్డుకున్నారు. ఆ ఆటలో వాళ్ళు అలా అడ్డుకున్న తన్నుల్లో అది రెండోది. గజాల లెక్కలో కూడా నార్తర్న్ ఇల్లినాయ్‌దే పైచేయి. అదృష్టం కొద్దీ వచ్చిన గెలుపని తీసిపారేయడానికి లేదు.

ఇప్పుడు ఓటరు చేతిలో పెన్ను ఉంది. నోటర్ డేమ్‌ని ఎక్కడ పెట్టాలి? నార్తర్న్ ఇల్లినాయ్‌ని ఎక్కడ పెట్టాలి?

గెలిచినవాడు పైన, ఓడినవాడు కింద. అంతే కదా అంటారు. సరే, ఆ దారినే వెళ్ళి చూద్దాం. నార్తర్న్ ఇల్లినాయ్ పైన, దాని కింద నోటర్ డేమ్, దాని కింద టెక్సస్ ఏ అండ్ ఎం. రాసుకున్నారా?

సెప్టెంబరు 21. నార్తర్న్ ఇల్లినాయ్ సొంత మైదానంలోనే బఫెలో చేతిలో ఓడింది. అదనపు సమయంలో, 23-20. అయితే బఫెలో అన్నిటికన్నా పైన ఉండాలి. కానీ బఫెలో అంతకు రెండు వారాల ముందే మిజోరీ చేతిలో 38-0తో ఓడిపోయి ఉంది. అయితే మిజోరీ ఇంకా పైన. అక్టోబరు 5న తొమ్మిదో ర్యాంకులో ఉన్న ఆ మిజోరీని 41-10తో ఓడించింది ఎవరు? టెక్సస్ ఏ అండ్ ఎం! అట్టడుగున రాసుకున్న జట్టు.

ఏ అండ్ ఎం మీద నోటర్ డేమ్, నోటర్ డేమ్ మీద నార్తర్న్ ఇల్లినాయ్, దాని మీద బఫెలో, బఫెలో మీద మిజోరీ, మిజోరీ మీద మళ్ళీ ఏ అండ్ ఎం. అయిదు జట్లు, అయిదు ఆటలు, గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాం. ఇందులో పైదేది, కిందదేది?

ఇప్పుడు కాగితం తీసుకోండి. వెస్లీ కోలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త ఒక పద్ధతి కనిపెట్టారు. ఒకప్పుడు జాతీయ టైటిల్ ఆటకి జట్లని ఎంచడానికి వాడిన కంప్యూటర్ లెక్కల్లో అదొకటి. ఎంత తేడాతో గెలిచారన్నది అందులో లెక్కలోకి రాదు, గెలుపు ఓటములే. ఆట మొదలవకముందు ప్రతి జట్టు విలువా అర, అంటే 0.5. తరవాత ఇలా చేయాలి. గెలుపుల్లోంచి ఓటములు తీసేసి సగం చేయండి. దానికి ఆడిన ప్రత్యర్థుల విలువలన్నీ కలపండి. ఇంకో 1 కలపండి. వచ్చినదాన్ని, ఆడిన ఆటలకి 2 కలిపితే వచ్చే సంఖ్యతో భాగించండి.

సెప్టెంబరు 7 రాత్రికి, ఈ వరసలో ఉన్న ఆటలు మాత్రమే తీసుకుంటే, నార్తర్న్ ఇల్లినాయ్‌కి మూడింట రెండు వంతులు, నోటర్ డేమ్‌కి సగం, ఏ అండ్ ఎంకి మూడింట ఒక వంతు వస్తాయి. సరిచూసుకోండి. నోటర్ డేమ్‌కి ఒక గెలుపు, ఒక ఓటమి, తేడా సున్నా. ప్రత్యర్థుల విలువలు మూడింట రెండు, మూడింట ఒకటి, కలిపితే 1. ఇంకో 1 కలిపితే 2. ఆడినవి 2, దానికి 2 కలిపితే 4. రెండుని నాలుగుతో భాగిస్తే అర. సరిపోయింది.

అక్టోబరు 5 రాత్రికి అవే అయిదు జట్లు, ఆ అయిదు ఆటలు. ప్రతి జట్టుకీ ఒక గెలుపు, ఒక ఓటమి. అందరికీ అర. అయిదింటికీ అర! నెల రోజుల ముందు పక్కాగా కనబడిన వరస మొత్తం చెరిగిపోయింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. కుండ ఒకటే, నీళ్ళు, మంట ఒకటే కాబట్టి అక్కడ చాలు. ఇక్కడ ప్రతి శనివారం కుండ మారుతుంది. ఒక్క మెతుకు చాలదు. రెండు కూడా చాలవు.

మరి ముందస్తు అంచనా ఎందుకు అవసరమో ఇప్పుడు చూద్దాం. దాన్ని పారేస్తే చేతిలో మిగిలేది ఆ ఒక్క మెతుకే. పట్టుకునే ఉండిపోతే కళ్ళముందు జరిగిన ఆటకి విలువ ఉండదు. మధ్యేమార్గం ఒకటుంది. ముందస్తు అంచనాని నాలుగు ఆటలతో సమానంగా లెక్కపెట్టండి. ఆడిన ఆటలు పెరిగేకొద్దీ దాని బరువు దానంతటదే తగ్గుతుంది.

ఇదీ లెక్క. సగటు జట్టుకి సున్నా అనుకుందాం. ఒక జట్టు అంకె అంటే సగటు జట్టు కన్నా అది ఎన్ని పాయింట్లు మెరుగో అన్నమాట. నోటర్ డేమ్‌కి 20, ఏ అండ్ ఎంకి 15, నార్తర్న్ ఇల్లినాయ్‌కి మైనస్ 6. లెక్క కోసం నేను వేసుకున్న అంకెలివి. సొంత మైదానం బలం రెండున్నర పాయింట్లు. ఒక ఆటలో జట్టు ఏ స్థాయిలో ఆడిందో కట్టాలంటే ప్రత్యర్థి అంకె తీసుకుని, గెలిస్తే తేడా కలపండి, ఓడితే తీసేయండి. బయటి మైదానమైతే రెండున్నర కలపండి, సొంతదైతే రెండున్నర తీసేయండి.

నోటర్ డేమ్ మొదటి ఆట: 15కి 10, దానికి రెండున్నర, మొత్తం 27.5. రెండో ఆట: మైనస్ 6, ఇంకో 2 పోయె, ఇంకో రెండున్నర పోయె, మైనస్ 10.5. ఈ రెండూ కలిపితే 17. ముందస్తు అంచనా 20 ఇంటూ 4, అంటే 80. మొత్తం 97. ఆరుతో భాగించండి, 16 చిల్లర.

నార్తర్న్ ఇల్లినాయ్‌కి ఆ ఒక్క ఆటే చూస్తే 24.5 వస్తుంది. మొదటి వారం ఆడింది కింది డివిజన్ జట్టుతో కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. ముందస్తుది మైనస్ 6 ఇంటూ 4, మైనస్ 24. కలిపి అయిదుతో భాగిస్తే సున్నాకి కాస్త పైన. మైనస్ 6 నుంచి సున్నాకి ఎక్కడం ఒక్క రోజులో చాలా పెద్ద మెట్టు. అయినా 16కి చాలా దూరం.

ఓటర్లు చేసింది కూడా దాదాపు ఇదే. నోటర్ డేమ్‌ని 5 నుంచి 18కి దింపారు, నార్తర్న్ ఇల్లినాయ్‌ని 25లో పెట్టారు. ఓడించిన జట్టు కింద, ఓడిన జట్టు పైన. దీని మీద చాలా మండిపడ్డారు. ఓటర్లే సరిగ్గా చేశారని నా అభిప్రాయం. "ఎవరు ఎక్కువ సాధించారు" అన్నది ఒక ప్రశ్న, "రేపు ఆడితే ఎవరు గెలుస్తారు" అన్నది వేరే ప్రశ్న. సెప్టెంబరులో ఈ రెంటికీ జవాబులు దూరదూరంగా ఉంటాయి. కాగితం మీద మొదటే రాసుకోవాలి, మనం ఏ ప్రశ్నకి జవాబు కడుతున్నామో. నోటర్ డేమ్ ఆ తరవాత మళ్ళీ ఓడింది 2025 జనవరి 20న, అట్లాంటాలో, జాతీయ టైటిల్ ఆటలో ఒహాయో స్టేట్ చేతిలో. నార్తర్న్ ఇల్లినాయ్ 8 గెలుపులు, 5 ఓటములతో సీజన్ ముగించింది.

లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో ఓడిన వారానికే నోటర్ డేమ్ పర్‌డ్యూని 66-7తో చిత్తు చేసింది. 59 పాయింట్ల తేడాని అలాగే వేస్తే ఆ ఒక్క ఆటే మిగతావాటిని మింగేస్తుంది. చివర్లో ఇరువైపులా ఆడేది ఎక్కువగా రిజర్వు కుర్రాళ్ళే. అందుకని తేడా ఎంతున్నా 28 దగ్గర ఆపేయండి. ఇంకొకటి, ప్రత్యర్థుల అంకెలు కూడా ప్రతి వారం మారతాయి. పాత ఆటలని కొత్త అంకెలతో మళ్ళీ కట్టాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ముందస్తు అంకె దగ్గర జరుగుతుంది. అదే 2024లో ఫ్లోరిడా స్టేట్‌ని పదో ర్యాంకుతో మొదలుపెట్టారు. ముందు ఏడాది జట్టులో చాలామంది అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళిపోయారు, క్వార్టర్‌బ్యాక్ కొత్తవాడు. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో 24-21తో, తరవాత సొంత ఊళ్ళో బోస్టన్ కాలేజ్ చేతిలో 28-13తో ఓడింది. సీజన్ అయ్యేసరికి 2 గెలుపులు, 10 ఓటములు. ఓటర్లు జెర్సీ మీది పేరుకి ర్యాంకు ఇచ్చారు, జెర్సీలో ఉన్న పిల్లలకి ఇవ్వలేదు. కాబట్టి కిందటేడు గెలుపులొక్కటే చూడకండి. అప్పుడు ఆడినవాళ్ళలో ఎంతమంది మిగిలారు, గత మూడు నాలుగేళ్ళలో ఎలాంటి కుర్రాళ్ళని చేర్చుకున్నారు, అంతకు ముందు కొన్నేళ్ళుగా జట్టు ఎలా ఆడింది, ఈ మూడూ కలిపి చూడండి. క్వార్టర్‌బ్యాక్ మారి, సగం మంది కొత్తవాళ్ళయితే ముందస్తు అంచనాకి నాలుగు ఆటల బరువు ఎక్కువ. రెండు ఆటల బరువు చాలు.

మిగతా జట్లకి కూడా నాలుగుని రెండు చేయడానికి మంచి సమయం అక్టోబరు మొదటి శనివారం. అప్పటికి ఒక్కో జట్టు నాలుగైదు ఆటలు ఆడి ఉంటుంది, ఒకరితో ఒకరికి ముడులు పడి ఉంటాయి. ఆ శనివారం రాత్రి నోట్‌బుక్కులో అంకెలన్నీ కొత్త బరువుతో ఒకసారి మొదటి నుంచి కట్టండి. మర్నాడు మధ్యాహ్నం అసోసియేటెడ్ ప్రెస్ జాబితా వచ్చాక దాన్ని పక్కన పెట్టుకుని, మీ వరసకీ దానికీ పది మెట్లకి మించి తేడా వచ్చిన జట్లని గుర్తుపెట్టుకోండి. తరవాతి శనివారం చూడాల్సిన ఆటలు వాటివే.

సెలవు. నమస్కారం.