పిల్లి కక్కితే మామూలేనా?

(జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన దినం సందర్భంగా శ్రీకాకుళంలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కుక్కపిల్లల్ని చంకనేసుకుని వచ్చిన మీకందరికీ నమస్కారం. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఒక కుర్రవాడికి రేబిస్ టీకా వేయించాడు, అందుకే ఈ సభ. ఆ టీకా పిల్లికీ వేయించాలి. మిగతాదంతా ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నా పది నిమిషాలూ పిల్లి వాంతులకు వాడుకుంటాను. నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు.

నా సర్వీసంతా విన్న మాట ఒకటే. "పిల్లి కక్కకపోతే ఏటి సేస్తాది బాబూ!" ఆవు మేత మానేస్తే అర్ధరాత్రి తలుపు కొట్టేవాళ్లు, పిల్లి వారమంతా కక్కినా తుడిచేసి ఊరుకునేవారు. ఎవరైనా బుట్టలో పిల్లిని పెట్టుకుని ఆసుపత్రికి వస్తే వరుసలో వాళ్లు నవ్వేవారు. ఆ నవ్వుకు సిగ్గుపడి తిరిగిపోయినవాళ్లున్నారు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

పిల్లి ఒళ్లు నాక్కుంటుంది, నిజమే. నాలుక మీద వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి గనుక ఊడిన వెంట్రుకలు లోపలికే పోతాయి. ఎప్పుడో ఒకసారి వెంట్రుకల ఉండ కక్కి, వెంటనే గిన్నె దగ్గరకు పోతే భయం లేదు. వారంవారం కక్కుతుంటే మాత్రం వెంట్రుకల మీద నెట్టేయకండి. పురుగులు, పడని తిండి, పేగు వాపు, కిడ్నీ జబ్బు, ఏదైనా కావచ్చు. ముసలి పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ చూడాలి. ఇక పాలు పోయడం పుణ్యమనుకుంటాం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు.

పొందూరు వైపు కుట్టుపని చేసుకునే ఒకావిడ ఉండేది. పొందూరంటే ఖద్దరు కదా, అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. పిల్లికి చేప కావాలి, నేతకు దాని పళ్లు కావాలి. సరే, ఎక్కడున్నాం? ఆవిడ పిల్లి రెండు రోజులుగా కక్కుతోంది, ముద్ద ముట్టడం లేదు. వాము నీళ్లు పట్టారట. నాలుక ఎత్తి చూస్తే కింద మెలిపడి దారం! ఇంటాయన "లాగేస్తానుండండి" అని చెయ్యి పెట్టబోయాడు. ఆపేశాను. ఒక కొస నాలుక కింద చిక్కుకుంటే రెండోది పేగులో ఉంటుంది. పేగు నెడుతుంది, దారం కదలదు, పేగే చీర కుచ్చెళ్లలా ముడుచుకుపోతుంది. లాగితే కోసుకుపోతుంది. విశాఖలో ఆపరేషన్ చేయిస్తే బతికింది. నోట్లోంచైనా వెనకనుంచైనా వేలాడే దారాన్ని లాగకండి. మళ్లీ చెబుతున్నా, లాగకండి. కుట్టు మిషన్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా ఎంతమందో! ఈ రాత్రికే రీళ్లు డబ్బాలో పెట్టి మూత వేయండి.

అన్నట్టు, ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ పెడతారు కొందరు. పిల్లి కాలేయానికి దాన్ని అరాయించుకునే శక్తి లేదు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. లిల్లీ కూడా విషమే. దండల్లో కట్టే మన లిల్లీ కాదు, బొకేల్లో వచ్చే పెద్ద రేకులది. దాని పుప్పొడి నాకినా కిడ్నీలు దెబ్బతింటాయి.

గరివిడి పశువైద్య కళాశాల పిల్లలెవరైనా ఉన్నారా ఇక్కడ? బుట్ట పట్టుకొచ్చినవాళ్లను చూసి మీరు నవ్వకండి నాయనా.

చీటీ పంపారు, టైం అయిపోయిందట. రక్తం పడినా, రోజంతా తిండి ముట్టకపోయినా, మగపిల్లి ఉచ్చ రాక ముక్కుతున్నా, టీకా వేయని కూన కక్కుతున్నా ఆ పూటే తీసుకెళ్లండి. వాంతిని ఫోన్‌లో ఫొటో తీయండి. తిన్న ఎంతసేపటికి, ఎన్నిసార్లు అన్నది రాసుకోండి. ఇవాళ పిల్లిని తెచ్చినవాళ్లు వెనక గదికి రండి. అక్కడికి కుక్కల్ని రానివ్వడం లేదు.