చెట్ల నీడలో వసంతకాలపు అడవి పూలు: నాటే విధానం

నమస్కారం. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది పెన్సిల్వేనియాలోని మా ఇంటి వెనుక పెరడు. పైన ఓక్, పక్కన మేపుల్ ఉన్నందువల్ల వేసవిలో ఇక్కడ గడ్డి కూడా సరిగా బతకదు. ఈ రోజు ఈ చెట్ల కింద, తూర్పు అమెరికా అడవులలో సహజంగా పెరిగే మూడు మొక్కలను నాటబోతున్నాము: బ్లడ్‌రూట్, ట్రిల్లియం, వర్జీనియా బ్లూబెల్స్.

వీటిని నీడ మొక్కలని అంటారు గానీ, ఇవి కోరుకునేది ఎండనే. చెట్లు ఇంకా ఆకు తొడగని మార్చి, ఏప్రిల్ నెలలలో నేల దాకా దిగివచ్చే ఎండను వాడుకుని, ఆకు వేసి, పూసి, పైన కొమ్మలు కమ్ముకునే సరికి చాలావరకు తమ పని ముగించుకుంటాయి. అందువల్ల పైన్, స్ప్రూస్ వంటి చెట్ల కింద కాకుండా, ఆకు రాల్చే చెట్టు కింద చోటు చూసుకోండి.

ఇది అక్టోబరు నెల, దుంపలు నాటడానికి అనువైన సమయం. రాలిన ఆకులను పక్కకు లాగాను, చిన్న గుంతలు తీశాను, నిరుటి ఆకులు చివికిన ఎరువు రెండు గుప్పిళ్లు కలిపాను. అంతే, రసాయన ఎరువు అవసరం లేదు. చెట్టు వేళ్లు తెగుతాయని నేను ఇక్కడ పార వాడను. తెరపై కనిపిస్తున్న ఈ జపాను మట్టికత్తి, హోరి హోరి, వేళ్ల సందులలోకి చక్కగా దిగుతుంది. ఇది లేకపోతే వంటింట్లోని పాత కత్తి అయినా సరిపోతుంది.

ఇదిగో, ఇది బ్లడ్‌రూట్ దుంప. కొన కొద్దిగా గిల్లుతున్నాను, రంగు చూడండి. పసుపులో సున్నం కలిపితే వచ్చే పారాణి రంగు రసం ఇది. ఇది విషపూరితం, చర్మానికి కూడా హాని చేస్తుంది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. దుంపను ఇలా అడ్డంగా పడుకోబెట్టి, పైన ఒక అంగుళం మట్టి కప్పండి. ఉగాదికి అటూ ఇటూగా ఒకే ఒక ఆకు, మొగ్గను శాలువాలా చుట్టుకుని పైకి వస్తుంది. తెల్లని పువ్వు కొద్ది రోజులకే రేకులు రాల్చేస్తుంది, అయినా నాకు ఈ మూడింటిలో ఇదే ఇష్టం.

తరువాత ట్రిల్లియం, మూడు నాలుగు అంగుళాల లోతున. విత్తనం నుంచి పువ్వు పూయడానికి దీనికి ఏడేళ్లు, ఒక్కొక్కసారి అంతకు మించి పడుతుంది కాబట్టి, ఎవరైనా చాలా చవకగా అమ్ముతుంటే అడవిలో తవ్వి తెచ్చినదేమోనని అనుమానించండి. "నర్సరీలో పెరిగిందా" అని కాదు, "నర్సరీలోనే విత్తనం నుంచి పెంచారా" అని అడగండి. అడవిలో తవ్వినదాన్ని ఏడాది కుండీలో ఉంచినా నర్సరీలో పెరిగినట్టే చెబుతారు. జింకలకు ఇది మహా ఇష్టం, చుట్టూ వల తప్పదు.

ఇక వర్జీనియా బ్లూబెల్స్. ఇక్కడ కొంచెం ఆగుదాము, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఏప్రిల్‌లో గులాబీ రంగు మొగ్గలు విచ్చి, నీలం గంటలుగా వేలాడతాయి. జూన్ వచ్చే సరికి ఆకులు పసుపుపచ్చబడి, నేలకు వాలి, ఆనవాలు కూడా లేకుండా పోతాయి. మొదటి సంవత్సరం అవి చనిపోయాయనుకుని, నేను అదే చోట హోస్టా అనే నీడలో పెరిగే ఆకుల మొక్క నాటడానికి పార దింపాను. పారతో పాటు పైకి వచ్చింది ఎండిన క్యారెట్‌లా నల్లగా, లావుగా ఉన్న వేరు. విరిచి చూస్తే లోపల తెల్లగా, తడిగా ఉంది. బతికే ఉంది, నిద్రపోతోంది. నేనే రెండు ముక్కలు చేశాను.

అందువల్ల ఈ మొక్క నాటగానే, ఇప్పుడే, మరిచిపోకముందే, పక్కన గుర్తు పెట్టండి. మార్కరు రాత ఒక్క వేసవికే వెలిసిపోతుంది. నేను అల్యూమినియం రేకు మీద పెన్సిలుతో గట్టిగా నొక్కి రాస్తాను, గాటు నిలుస్తుంది. ఖాళీ కనిపించకుండా ఒక అడుగు దూరంలో, ఏడాది పొడవునా పచ్చగా ఉండే క్రిస్మస్ ఫెర్న్ మొక్క వేయండి.

చివరగా నీళ్లు పోసి, పక్కకు లాగిన ఆకులనే ముక్కలు చేసి రెండంగుళాల మందాన పరచండి. మార్చిలో ఊదారంగు మొలకలు కనిపించినప్పుడు, బరువుగా అంటుకుపోయిన ఆకులుంటే చేత్తో జరపండి, దంతెతో మాత్రం లాగకండి.