స్టిల్ నుంచి హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీకి: కొత్త చైన్‌సా చేతికొచ్చాక మొదటి మాట

నమస్కారం. ఈ బల్ల మీద నారింజ రంగులో మెరుస్తున్నది హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ. పక్కన రంగు వెలిసి, నూనె మరకలతో ఉన్నది స్టిల్ ఎంఎస్ 382. ఇన్నేళ్లూ మా ఇంట్లో అన్నం ఉడికింది ఈ పాతదాని సంపాదన మీదే. పాడైపోయి మార్చానని అనుకోకండి, దానిలో ఇంకా సత్తువ ఉంది. మా వైపు టూ స్ట్రోక్ ఇంజను విప్పి, మళ్ళీ తేడా రాకుండా బిగించగల మెకానిక్కు ఒక్కడే ఉన్నాడు. అతను హస్క్‌వర్నా విడిభాగాలే పెట్టుకుంటాడు. చెట్లు కోసి బతికేవాళ్లకు మిషను ఎంత గొప్పదన్నది రెండో ప్రశ్న. కూలీలందరూ దుంగ చుట్టూ నిలబడి ఉండగా మిషను ఆగిపోతే, దాన్ని సాయంత్రానికి ఎవరు బాగుచేసి ఇస్తారన్నది మొదటి ప్రశ్న.

కంపెనీల వయసు అడిగేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి అదీ చెప్పేస్తాను. హస్క్‌వర్నా 1689లో స్వీడన్‌లో తుపాకులు చేసే కర్మాగారంగా మొదలైంది. చైన్‌సాల్లోకి 1959లో వచ్చింది. స్టిల్ 1926లో జర్మనీలో పుట్టింది. ఇద్దరూ తలపండినవాళ్లే.

ఇక అంకెలు. పాతది 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు. కొత్తది 70.7 సీసీ, 4.1 కిలోవాట్లు. ఈ రెండు పాయింట్ల తేడా దుంగలో నాకు తెలియలేదు. తెలిసిందని ఎవరైనా గట్టిగా చెబితే, చైన్ పదునులో ఉన్న తేడాను వాళ్లు ఇంజను ఖాతాలో రాస్తున్నారన్నమాట. బ్రాండు మారినప్పుడు అసలు మారేది బలం కాదు, మన చేతికి, చెవికి పట్టిన అలవాటు. ఈ వీడియో అంతా దాని గురించే.

ముందు బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే ఈ పొడవాటి ఇనుప పలక, దానితో పాటు చైన్ చూద్దాం. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

(కెమెరా దగ్గరగా: రెండు బార్ల మొదళ్లు పక్కపక్కన)

ఎడమ చేతిలో పాత స్టిల్ బార్, కుడి చేతిలో కొత్తది. మొదట్లో బోల్టులు దూరే ఈ పొడవాటి గాడి చూడండి. పాతదానిలో సుమారు 12 మిల్లీమీటర్ల వెడల్పు ఉంది, కొత్తదానిలో సుమారు 9. చైన్‌కు నూనె వచ్చే రంధ్రం కూడా ఒకే చోట లేదు. కాబట్టి పాత బార్ కొత్త మిషనుకు రాదు. వాషర్లు వేసి సర్ది బిగించేవాళ్లను చూశాను. బార్ ఎలాగో నిలబడుతుంది గానీ నూనె రంధ్రాలు కలవవు. బార్ ఎండిపోయి నీలి రంగుకు తిరిగాక గానీ వాళ్లకు సంగతి అర్థం కాదు.

చైన్ సంగతి ఇంకా చిక్కు. రెండూ 3/8 అంగుళం పిచ్ చైన్లే, పిచ్ అంటే లింకుల మధ్య ఎడం. దుకాణంలో 3/8 చైన్ అని అడిగితే చేతికి అందిన పెట్టె ఇచ్చేస్తారు. కానీ బార్ గాడిలో దిగి తిరిగే లింకు మందం పాతదానిలో 1.6 మిల్లీమీటర్లు, కొత్తదానిలో 1.5. పాత చైన్ కొత్త బార్‌లో దిగదు, అది మంచిదే, అక్కడే తెలిసిపోతుంది. కొత్త చైన్ పాత బార్‌లో పెడితేనే ప్రమాదం. 1.5 చైన్ 1.6 గాడిలో హాయిగా దిగి తిరుగుతుంది, కోస్తుంది కూడా. కాకపోతే లోపల అటూ ఇటూ ఊగుతూ, లావు దుంగలో కోత వంకర తిరుగుతుంది. మీరేమో పళ్ళు ఒకవైపు అరిగాయనుకుని ఆకురాయి పట్టుకుని కూర్చుంటారు. అందుకని చైన్ అడిగేటప్పుడు పిచ్, లింకు మందం, లింకుల సంఖ్య మూడూ చెప్పండి. నా 20 అంగుళాల బార్‌కు 72 లింకులు. ఈ మూడూ బార్ మొదట్లో చెక్కి ఉంటాయి. మట్టి తుడిచి ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే దుకాణంలో వాదన ఉండదు.

ఆకురాయి కూడా మారింది. ఇది చాలామంది పట్టించుకోరు. స్టిల్ 3/8 చైన్‌కు నేను 5.2 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి వాడేవాణ్ని. ఈ చైన్‌కు కావలసింది 5.5. చూడటానికి రెండూ ఒకటే. వేళ్ల మధ్య తిప్పి చూసినా తేడా తెలియదు.

(కెమెరా దగ్గరగా: పంటి గూటిలో ఆకురాయి)

సరైన ఆకురాయిని పంటి గూటిలో ఆనించినప్పుడు, దాని వ్యాసంలో దాదాపు అయిదో వంతు పంటి పైఅంచుకు పైన కనిపించాలి. ఇప్పుడు పాతది పెడుతున్నాను, చూడండి, పూర్తిగా లోపలికి కూరుకుపోయింది. దీనితో రుద్దితే పన్ను కొక్కెంలా లోపలికి వంగి, అంచు పల్చబడుతుంది. మొదటి నాలుగు కోతలు భలే సాగుతాయి, అంచు పల్చగా ఉంది కాబట్టి. చింత చేవ తగలగానే మడత పడుతుంది. ఆ తర్వాత కొత్త కంపెనీ చైన్‌లో ఇనుము నాసిరకమని తిట్టుకుంటాం.

ఇప్పుడు చేతుల సంగతి. ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తొడుగు లాగేసి చూపిస్తున్నాను. మీరూ ముందు అలాగే చేయండి.

పాతదానిలో అన్నీ ఒకే లివర్‌లో ఉన్నాయి. అట్టడుగున చోక్, ఒక మెట్టు పైన సగం యాక్సిలరేటర్, ఆ పైన రన్నింగ్, అన్నిటికంటే పైన ఆపడం. కుడి చేతి బొటనవేలు వెనక పిడి మీద నుంచి కదలకుండానే అంతా చేసేస్తుంది. కొత్తదానిలో చోక్ వేరు, ఆపే స్విచ్చు వేరు. చోక్ బయటికి లాగాలి. స్విచ్చు బొటనవేలి దగ్గరే ఉంది గానీ పాత లివర్ ఉన్నచోట కాదు. ఏ కొమ్మో చైన్‌ను పట్టేసి, మిషనును గబుక్కున ఆపాల్సి వస్తే బొటనవేలు అలవాటైన చోటికే పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. ఈ ఒక్క కారణంతో, కొత్త మిషనుతో మొదటి రోజే చెట్టు పడగొట్టడానికి వెళ్లవద్దంటాను. నేల మీద పడి ఉన్న దుంగలు కోయండి. కళ్లు మూసుకుని స్విచ్చు నొక్కగలిగే దాకా, ఇంజను ఆపే ఉంచి, వేలికి దారి నేర్పండి.

స్టార్ట్ చేసే వరుస ఇది. మిషను నేల మీద పెట్టి, ముందు కవచాన్ని ముందుకు తోసి చైన్ బ్రేకు వేస్తాను. వెనక పిడిలో కుడి కాలి బూటు, ముందు పిడి మీద ఎడమ చేయి. చోక్ లాగుతాను, దానితో పాటే సగం యాక్సిలరేటర్ కూడా పడుతుంది. సిలిండరు మీద ఉన్న ఈ చిన్న బొత్తం నొక్కితే లోపలి ఒత్తిడి కొంత తగ్గి తాడు తేలిగ్గా వస్తుంది. ఇంజను ఒక్కసారి దగ్గినట్టు పలికి ఆగుతుంది. ఆ శబ్దం వినగానే చోక్ లోపలికి తోసేయాలి. విననట్టు ఇంకా లాగుతూ పోతే ప్లగ్గు పెట్రోలుతో తడిసిపోతుంది. బొత్తం తిరిగి నొక్కి మళ్ళీ లాగుతున్నాను. అందుకుంది. వెంటనే ట్రిగ్గర్ ఒకసారి తాకి వదిలాను, ఇంజను నెమ్మదించింది. బ్రేకు వేసి ఉండగా ఆ సగం యాక్సిలరేటర్‌లోనే వదిలేస్తే క్లచ్చు కాలుతుంది. ఒక చేత్తో మిషనును గాల్లో వేలాడదీసి తాడు లాగే విద్య మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. దాన్ని నేను చూపించను.

ఇక శబ్దం. నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టిందీ, ఎక్కువ నచ్చిందీ ఇదే.

ఈ ఇంజనును కంపెనీ ఎక్స్‌టార్క్ అంటుంది. మామూలు టూ స్ట్రోక్‌లో కాలిన పొగను బయటికి నెట్టేది కొత్తగా వచ్చే పెట్రోలు మిశ్రమమే. నెట్టే క్రమంలో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్‌లోకి పోతుంది. దీనిలో ముందు ఒట్టి గాలి వచ్చి పొగను నెడుతుంది, మిశ్రమం దాని వెనక వస్తుంది. ఇంధనం 20 శాతం దాకా మిగులుతుందని కంపెనీ మాట. నా డబ్బా లెక్కలు ఇంకా తేలలేదు. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో మాత్రం పాతదాని కంటే ఒక పిసరు నిదానంగా లేస్తుంది. లేచాక దుంగలో నొక్కినా గొంతు అంత సులువుగా తగ్గదు. వేగంగా చిన్న కొమ్మలు కొట్టేవాళ్లకు ఆ నిదానం చిరాకు తెప్పిస్తుంది. మొద్దులు ముక్కలు చేసే నాకు ఇదే బాగుంది.

కార్బొరేటర్‌లో ఎల్, హెచ్, టి అని మూడు స్క్రూలు ఉన్నాయి. ఎల్ తక్కువ వేగానికి, హెచ్ ఎక్కువ వేగానికి, టి ఐడ్లింగుకు, అంటే ట్రిగ్గర్ వదిలినప్పుడు తిరిగే వేగానికి. ఇప్పుడు తమంతట తాము సర్దుకునే మిషన్లు ఉన్నాయి. స్టిల్‌లో ఎమ్‌ట్రానిక్, హస్క్‌వర్నాలోనే ఆటోట్యూన్. అయినా నేను స్క్రూలున్నదే తీసుకున్నాను. అడవి పక్క ఊళ్లలో సెన్సార్ల పరికరాలు పట్టుకుని ఎవరూ రారు, స్క్రూడ్రైవర్ అందరి దగ్గరా ఉంటుంది. హెచ్ సరిగా ఉందో లేదో చెవితో తెలుసుకోవాలి. ఒక్క క్షణం వినండి. గాలిలో, లోడు లేకుండా, పూర్తిగా నొక్కుతున్నాను. గొంతు కాస్త బొంగురుగా, తడబడుతున్నట్టు ఉంది. ఇప్పుడు దుంగలో పెట్టాను, ఆ బొంగురు పోయి సాఫీ అయింది. ఇలా ఉండాలి. గాలిలోనే సన్నగా ఈల వేసినట్టు కీచుమంటే మిశ్రమం పల్చబడిందని అర్థం. అంటే పెట్రోలుతో పాటు పిస్టన్‌కు అందే నూనె కూడా తగ్గింది. కొద్దిరోజుల్లో పిస్టన్ పట్టేస్తుంది. హెచ్ స్క్రూను అపసవ్యంగా కొద్దిగా తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. పాత మిషను గొంతును ప్రమాణంగా పెట్టుకుని కొత్తదాన్ని తిప్పవద్దు. రెండింటి శ్రుతి వేరు.

ఈ విషయంలో మన పెట్రోలు బంకులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2023 నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది, ఇప్పుడు చాలా బంకుల్లో అదే. ఈ మిషన్ల పుస్తకాల్లో మాత్రం 10 శాతం దాకానే అనుమతి ఉంది. ఇథనాల్ మిశ్రమాన్ని పల్చబరుస్తుంది, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. మీ పెట్రోలులో ఎంత ఉందో చూడాలంటే, గీతలున్న గాజు గొట్టంలో 90 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూత పెట్టి ఊపి వదిలేయండి. అడుగు పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేనట్టు. ఇదిగో, ఇది 28కి దగ్గరగా ఎక్కింది, అంటే సుమారు 20 శాతం. తక్కువ ఇథనాల్ ఉన్నది దొరికితే అదే పోస్తాను. దొరకని రోజు ఆ పూటకు సరిపడా మాత్రమే కలిపి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను ఆగేదాకా తిప్పుతాను. పెట్రోలులో కలిపే టూ స్ట్రోక్ నూనె ఆయా కంపెనీదే అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పాతదానికీ కొత్తదానికీ అంతే. కొత్త మిషను కదా అని నాలుగు చుక్కలు ఎక్కువ పోసే ప్రేమ వద్దు.

ఇప్పుడు చింత దుంగ. మొన్నటి గాలివానకు పడిన చెట్టు, యజమాని అనుమతి కాగితం చూపించాకే తెచ్చాం. పట్టా భూమిలో చెట్టైనా సరే, వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం సంగతి ముందు కనుక్కోండి.

బార్ మొదట్లో మిషనుకున్న ముళ్లపట్టీని బెరడుకు ఆనించి, బరువు వేయకుండా, చైన్‌నే దిగనిస్తున్నాను. తెల్ల చెక్కలో సులువుగా దిగింది. చేవ తగలగానే పాతది చేతుల్లోకి ఒక వణుకు పంపేది. దీనిలో ఇంజనుకూ పిడులకూ మధ్య ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి, ఆ వణుకు బాగా తగ్గింది. దీనికి ఒక ధర చెల్లించాలి. పిడి కాస్త వదులుగా ఉన్నట్టు అనిపిస్తుంది, బార్‌ను పక్కకు నెట్టి కోత తిప్పుదామంటే చెప్పినంత వెంటనే తిరగదు. పొట్టు చూడండి. అరచేతిలో వేసుకుంటే ఉప్మా రవ్వ కంటే లావుగా, పలకలు పలకలుగా ఉంది. పిండిలా రాలితే కోత ఆపి ఆకురాయి తీయండి.

కొత్త చైన్ మొదటి గంటలో బాగా సాగుతుంది. కాసేపటికోసారి ఆపి, చల్లారనిచ్చి, బార్ కొనను పైకెత్తి పట్టుకుని బిగించాలి. చేత్తో లాగితే తిరగాలి, బార్ కింద వేలాడకూడదు. నూనె అందుతోందో లేదో చూడటానికి, సిమెంటు సంచి లోపలి కాగితం మీద జానెడు ఎత్తున బార్ కొన పట్టుకుని, ముప్పావు వేగంలో తిప్పండి. ఒక నిమిషంలో కాగితం మీద నూనె గీత పడాలి. పడింది. మోటారు సైకిళ్ల నుంచి తీసిన నల్ల ఆయిలు పోసేవాళ్లకు ఒకటే మాట: దానిలోని ఇనుప రజను మీ పంపునే తింటుంది.

మొదటి పది గంటల పనిలో లోడు లేకుండా ఎక్కువసేపు గట్టిగా అరిపించకండి. శబ్దం వినిపించడానికి ఇందాక నేను నొక్కింది రెండు క్షణాలే.

కొనేవాళ్లకు చివరిగా ఒక హెచ్చరిక. ఇదే నారింజ రంగులో, ఇదే ఆకారంలో నకళ్లు సగం ధరకు తిరుగుతున్నాయి. మిషను మీది సీరియల్ నంబరు పలక చూడండి, అదే నంబరు బిల్లులో రాయించుకోండి. రాయనన్నచోట కొనకండి.

పది గంటల పని పూర్తయ్యాక ప్లగ్గు విప్పి, దాని రంగు చూపిస్తూ హెచ్ స్క్రూను మీ ముందే సరిచేస్తాను. పాత 382కు ఉన్న రెండు బార్లు, చైన్లు అమ్మకానికి పెట్టాను. స్టిల్ వాడేవాళ్లు వ్యాఖ్యల్లో రాయండి. బార్ మొదట్లో ఉన్న అంకెలు చూసి మరీ రాయండి. ఉంటాను, నమస్కారం.