జవాను ఇంటద్దెకు ఏ ఊరి లెక్క?

(ఒడిశాలోని బరంపురం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

వ్యాఖ్యాత: పక్కనే గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, మన తెలుగు వీధుల్లో జవాన్ల కుటుంబాలున్నాయి. అమ్మా, మీ అద్దె సంగతి చెప్పండి.

జవాను భార్య: మా ఆయన కశ్మీర్‌లో, కుప్వారాలో ఉన్నారండి. పిల్లల చదువుకని మెడికల్ కాలేజీ దగ్గర రెండు గదుల వాటా తీసుకున్నాం. ఆరున్నర వేలు, కరెంటు వేరు. "నర్సింగ్ అమ్మాయిలకిస్తే తలకు రెండు వేలొస్తాయి" అని ఓనరు గారు నెలనెలా వినిపిస్తారు.

అధ్యాపకుడు: ఓనరు చూసేది గిరాకీ, ప్రభుత్వం చూసేది జనాభా. 50 లక్షలు దాటితే ఎక్స్ నగరం, 5 లక్షలు దాటితే వై, మిగతావన్నీ జెడ్. డీఏ, అంటే కరువు భత్యం, 50 శాతానికి చేరాక, 2024 జనవరి నుంచి ఇంటద్దె భత్యం ఈ మూడింటికీ వరసగా బేసిక్ జీతంలో 30, 20, 10 శాతం. 2011 లెక్కల్లో బరంపురం మూడున్నర లక్షలు, అంటే జెడ్. సిపాయి తొలి మెట్టు బేసిక్ 21,700. ఇక్కడి రేటున 2,170. వై నగరమైన భువనేశ్వర్ రేటున 4,340.

మాజీ సుబేదార్: క్వార్టర్ దొరికినవాడికి ఈ గొడవే లేదు మాస్టారూ. యూనిట్లో తిండి ఉచితం, క్యాంటీన్‌లో సరుకులు చవక.

జవాను భార్య: ఆ తిండి ఆయన తింటారు సుబేదార్ గారూ. బియ్యం, పాలు మేం కొనుక్కోవాలి కదా. క్యాంటీన్‌కి వెళ్లొస్తే ఆటోకి మూడు వందలు. సబ్బుల్లో మిగిలింది ఆటోలో పోతోంది.

వ్యాఖ్యాత: (నవ్వి) డీఏ అయినా ఊరిని బట్టి మారదా?

అధ్యాపకుడు: మారదు. 88 కేంద్రాల్లో ధరలు సేకరించి దేశమంతటికీ ఒకే సూచీ కడతారు. ముంబైలోనూ మల్కన్‌గిరిలోనూ అదే శాతం. అమెరికా సైన్యంలో ఇంటి భత్యం ప్రాంతం, ర్యాంకు, కుటుంబం చూసి ఏటా సవరిస్తారు, అక్కడి అద్దెలు కనుక్కుని మరీ.

మాజీ సుబేదార్: జీతంలో ఊరు దూరిందంటే చిక్కే. ఒకే బంకరు, ఒకే ర్యాంకు, స్లిప్పులు వేరైతే రాత్రంతా అదే చర్చ. కష్టానికి ఎక్కువిస్తే ఎవడూ మాట్లాడడు. సియాచిన్ జవాను భత్యం 2017లో నెలకు 30,000 చేశారు, ఎవరికైనా కన్నుకుట్టిందా?

అధ్యాపకుడు: జీతం జోలికి వద్దనే నేనూ అంటున్నా. కుటుంబం ఉండే ఊళ్లో అసలు అద్దె ఎంతో చూసి భత్యం ఇమ్మంటున్నా. కేంద్రం జీతాలు, భత్యాలు సమీక్షించే 8వ వేతన సంఘాన్ని అడగాల్సింది అదే.

జవాను భార్య: అడగండి మాస్టారూ. రిపోర్టు వచ్చేదాకా మా ఓనరు గారు ఆగరు మరి. ఉగాది నుంచి ఏడు వేలన్నారు.